గట్టు చెరపకుండానే దారి



పొలం ఉన్నచోట గట్టు ఉంటుంది. గట్టు ఉన్నచోట తగాదా కూడా ఉంటుంది. జానెడు నేల కోసం అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కిన కుటుంబాలను మనలో చాలామంది ఎరుగుదుము. ఇద్దరు రైతుల మధ్యనే ఇంత ఉంటే, రెండు దేశాల మధ్య గట్టు సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ గట్టుకు తోడు సైన్యాలు, సుంకపు చౌకీలు, పాత యుద్ధాల జ్ఞాపకాలు ఉంటాయి.

అయినా గట్టుకు ఇరువైపులా ఉన్నవారికి ఆకలి ఒక్కటే, దాహం ఒక్కటే, జబ్బు ఒక్కటే. నొప్పులు పడుతున్న తల్లి తన బిడ్డ ఏ దేశపు నేలమీద పుట్టాలని ఆలోచించదు. దగ్గరలో వైద్యుడు ఎక్కడున్నాడని అడుగుతుంది. ఈ ప్రశ్నకు ఐరోపాలో స్పెయిన్, ఫ్రాన్సు దేశాల సరిహద్దున ఉన్న ఒక కొండ ప్రాంతం వారు ఇచ్చిన జవాబును గూర్చి ఈ నెల మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను. వారు సరిహద్దును చెరపలేదు. ఒకరి దేశం మరొకరికి ఇవ్వలేదు. కాని ఇద్దరూ కలిసి ఒక ఆసుపత్రి కట్టుకున్నారు.

మూడు ఆవుల కథ

మొదట ఆ పర్వతాలను గూర్చి తెలుసుకుందాం. స్పెయిన్‌కు, ఫ్రాన్సుకు మధ్య పిరనీస్ అనే పర్వతశ్రేణి గోడలాగా నిలిచి ఉన్నది. పడమట మహాసముద్రం నుండి తూర్పున మధ్యధరా సముద్రం వరకు ఆ సరిహద్దు వెంట అంకెలు వేసిన 602 హద్దురాళ్లు ఉన్నాయి.

ఆ రాళ్లలో 262వ రాయి దగ్గర ప్రతి సంవత్సరం జూలై 13న ఒక వింత ఆచారం జరుగుతుంది. ఫ్రాన్సు వైపున్న బరెతూ లోయ వారు, స్పెయిన్ వైపున్న రొంకాల్ లోయ వారికి మూడు ఆవులను అప్పగిస్తారు. రెండు లోయల ప్రతినిధులు హద్దురాయి మీద ఒకరి చేతిపై ఒకరు చెయ్యి వేసి, ఇకముందు కూడా శాంతి ఉండాలని ముమ్మారు చెప్పుకుంటారు. పూర్వం కొండమీది పచ్చిక కోసం, నీటి ఊట కోసం ఈ రెండు లోయల కాపరులు కొట్టుకొని రక్తపాతం దాకా వెళ్లారు. చివరకు పక్కనున్న ఆన్సో అనే ఊరి పెద్దలను మధ్యవర్తులుగా పెట్టుకున్నారు. 1375లో ఆ పెద్దలు ఇచ్చిన తీర్పు ప్రకారమే ఈ ఆవుల అప్పగింత నేటికీ సాగుతున్నది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ ఒప్పందం రాజులు చేసినది కాదు, పశువులు కాచుకునే ఊళ్లవారు చేసుకున్నది. ఆ తరువాత రాజులు ఎన్నోసార్లు యుద్ధాలు చేశారు. రాజ్యాలు పోయి ప్రభుత్వాలు వచ్చాయి. ఆవులు మాత్రం గట్టు దాటుతూనే ఉన్నాయి. పైవాళ్లు గీత గీసినా, కిందివాళ్లు గీత పక్కనే బ్రతకాలి గదా! ఎలా బ్రతకాలో వారే నేర్చుకున్నారు.

ఒకే మైదానం, రెండు జెండాలు

అవే పర్వతాల తూర్పు భాగంలో సెర్దాన్య అనే ఎత్తైన మైదానం ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున, చుట్టూ మంచుకొండలతో, మధ్యలో పచ్చిక బయళ్లతో ఉండే చోటు అది. మైదానం ఒకటే. ఇరువైపులా తరతరాలుగా మాట్లాడిన కాటలన్ భాష ఒకటే. పెళ్లి సంబంధాలు, సంతలు, పండుగలు కూడా కలిసే జరిగేవి.

స్పెయిన్, ఫ్రాన్సు రాజులు 1635 నుండి యుద్ధం చేసి చేసి అలసిపోయి, 1659లో సంధి చేసుకున్నారు. దానికి పిరనీస్ సంధి అని పేరు. ఆ సంధి వలన ఈ మైదానం రెండుగా చీలిపోయింది. మరుసటి సంవత్సరం కూర్చుని లెక్కపెట్టి 33 గ్రామాలను ఫ్రాన్సుకు ఇచ్చారు. అయితే లీవియా అనే ఊరి దగ్గర చిక్కు వచ్చింది. ఇవ్వవలసినవి గ్రామాలు కాగా, లీవియాకు పట్టణమనే హోదా ఉన్నది. కనుక దానిని స్పెయిన్ వదులుకోలేదు. అందుచేత ఈనాటికీ లీవియా చుట్టూ ఫ్రాన్సు ఉన్నది, మధ్యలో ఆ ఒక్క ఊరు మాత్రం స్పెయిన్‌ది. ఒక్క మాటలోని తేడా ఒక ఊరి గతిని మూడు వందల యాభై ఏళ్లకు పైగా నిర్ణయించింది.

ఆ సంధి మీద సంతకాలు జరిగిన చోటు కూడా ఆసక్తికరమైనదే. పడమటి కొసన బిదసోవా నది మధ్యలో ఫెజంట్ దీవి అనే చిన్న లంక ఉన్నది. అక్కడే రెండు రాజ్యాలవారు కలుసుకున్నారు. ఇప్పుడు ఆ లంక సంవత్సరంలో ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆరు నెలలు ఫ్రాన్సుది. జనం లేని లంకను వంతులవారీగా పంచుకోవడం సులువే. మనుషులున్న మైదానాన్ని అలా పంచుకోలేము. సెర్దాన్యలో గీత పొలాల మధ్య నుండి, బంధువుల ఇళ్ల మధ్య నుండి పోయింది.

నీళ్ల సంగతీ అంతే. స్పెయిన్ వైపున్న ముఖ్యపట్టణమైన పూచ్‌సెర్దాకు ఒక పాత కాలువ ద్వారా నీరు వస్తుంది. ఆ కాలువ తలగడ ఫ్రాన్సు నేలమీద ఉన్నది. కాలువ ముందు పుట్టింది, సరిహద్దు తరువాత వచ్చింది. ఎవరికెంత నీరు, ఎవరు మరమ్మతు చేయాలి అన్న తగవులు చాలాకాలం సాగాయి. 19వ శతాబ్దంలో రెండు దేశాలు బయోన్ నగరంలో చేసుకున్న ఒప్పందాలలో ఈ కాలువ నీటి సంగతి కూడా వ్రాయవలసి వచ్చింది.

నూరు కిలోమీటర్ల దూరం

మన కాలానికి వద్దాం. ఫ్రాన్సు వైపు సెర్దాన్యలో క్షయ, శ్వాసకోశ రోగులు గాలి మార్పు కోసం వచ్చి ఉండే ఆరోగ్య నిలయాలు చాలా ఉండేవి. కాని హఠాత్తుగా గుండెనొప్పి వస్తే, కాన్పు కష్టమైతే, మంచుమీద జారి తొడ ఎముక విరిగితే చేర్చుకునే పెద్దాసుపత్రి లేదు. అటువంటి ఆసుపత్రి పెర్పిన్యా నగరంలో ఉన్నది. దూరం సుమారు 100 కిలోమీటర్లు, అదీ కొండ మలుపుల దారి. చలికాలంలో మంచు పడితే ఎంతసేపు పట్టేదో చెప్పలేము.

ఇటు స్పెయిన్ వైపు పూచ్‌సెర్దాలో ఒక పాత ఆసుపత్రి ఉండేది. అది చిన్నది, చాలీచాలనిది. అక్కడినుండి పెద్ద వైద్యం కోసం వెళ్లాలంటే బార్సిలోనా సుమారు 150 కిలోమీటర్లు. ఫ్రాన్సు గ్రామమైన బూర్గ్ మదామ్ మాత్రం పూచ్‌సెర్దాకు నడిచి వెళ్లేటంత దగ్గర.

రెండు వైపులా కలిపితే మైదానంలో స్థిరంగా ఉండే జనం సుమారు 30 వేల పైచిలుకు. మంచు ఆటల కాలంలో, వేసవి సెలవులలో ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంత కొద్ది జనం కోసం ఫ్రాన్సు ఒక్కటే పూర్తిస్థాయి ఆసుపత్రి కట్టదు. స్పెయిన్ వైపు వారు ఒక్కరే కట్టినా శస్త్రచికిత్స నిపుణులు, కాన్పుల వార్డు, రాత్రింబగళ్లు అత్యవసర సేవ నిలబెట్టడానికి తగినంతమంది రోగులు ఉండరు. విడివిడిగా చూస్తే ఇద్దరిదీ పేదరికమే. కలిపి చూస్తే మాత్రం ఒక ఆసుపత్రికి సరిపడే జనం ఉన్నారు. ఈ లెక్క వారి కళ్లు తెరిపించింది.

కాగితం మీద గట్టు దాటడం

అయితే మనసు కుదిరినంత మాత్రాన పని జరిగిపోదు. ఒక దేశపు ఆరోగ్యశాఖ డబ్బుతో మరో దేశపు నేలమీద గోడ కట్టాలి. ఎవరి చట్టం ప్రకారం? జీతం ఎవరిస్తారు? పొరపాటు జరిగితే ఏ కోర్టుకు వెళ్లాలి? విదేశాలతో ఒప్పందాలు చేసుకునే అధికారం ఢిల్లీ వంటి రాజధానికి ఉంటుంది గాని, సరిహద్దులోని మున్సిపాలిటీకి, జిల్లాకు, ఆసుపత్రికి ఉండదు గదా!

ఈ చిక్కును విప్పడానికి ఐరోపా వారికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 13 ఏళ్లకు, 1958లో, జర్మనీలోని గ్రోనావ్, నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే పట్టణాల చుట్టుపక్కల ఉన్న స్థానిక సంస్థలు యూరేగియో అనే పేరుతో కలిసి పనిచేయడం మొదలుపెట్టాయి. జర్మనీ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించిన గాయం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉన్నది. 1980లో మాడ్రిడ్ నగరంలో ఐరోపా మండలి దేశాలు ఒక ఒడంబడిక చేసుకొని, సరిహద్దు ప్రాంతాల సంస్థలు తమలో తాము సహకరించుకోవడానికి దారి చూపాయి. 1990లో ఇంటర్‌రెగ్ అనే పథకం వచ్చి, ఇటువంటి పనులకు ఐరోపా ఉమ్మడి నిధి నుండి డబ్బు ఇవ్వడం మొదలైంది. 2006లో మరొక చట్టం వచ్చింది. దాని ప్రకారం వేరువేరు దేశాల స్థానిక సంస్థలు కలిసి ఒకే సంఘంగా రిజిస్టరు చేసుకోవచ్చు. ఆ సంఘం తన పేరున ఆస్తి కొనవచ్చు, ఉద్యోగులను పెట్టుకోవచ్చు, కోర్టులో నిలబడవచ్చు.

మన ఊళ్లో ఇద్దరు రైతులు కలిసి బోరు వేసుకున్నారనుకోండి. నోటిమాట మీద వేస్తే మోటారు కాలిపోయిన రోజున తగవు వస్తుంది. అదే సంఘంగా ఏర్పడి, పేరు వ్రాయించుకొని, వాటాలు తేల్చుకుంటే బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. 2006 నాటి చట్టం చేసిన మేలు అటువంటిది.

సెర్దాన్య వారు ఈ దారినే పట్టుకున్నారు. 2008లో స్పెయిన్, ఫ్రాన్సు ప్రభుత్వాలు సారగోసా నగరంలో వైద్య సహకారం మీద ఒప్పందం చేసుకున్నాయి. 2010లో ఆసుపత్రి నిమిత్తం ఉమ్మడి సంఘం ఏర్పడింది. భవనానికి సుమారు 3 కోట్ల 10 లక్షల యూరోలు అయ్యాయి. అందులో నూటికి 60 వంతులు, అనగా 1 కోటి 86 లక్షలు, ఐరోపా ఉమ్మడి నిధి ఇచ్చింది. మిగిలినదానిలో స్పెయిన్ వైపు నుండి కాటలోనియా ప్రభుత్వం నూటికి 60, ఫ్రాన్సు నూటికి 40 చొప్పున భరించాయి. నడిపే ఖర్చుకు కూడా అదే వాటా పెట్టుకున్నారు. ఇద్దరూ సరిసమానం అన్న పంతానికి పోలేదు. స్పెయిన్ వైపు జనం ఎక్కువ గనుక వారి వాటా ఎక్కువ. లెక్క నిజాయితీగా ఉంటే మాటకు గౌరవం ఉంటుంది.

2014 సెప్టెంబరులో పూచ్‌సెర్దాలో, సరిహద్దుకు కూతవేటు దూరంలో, 64 పడకల సెర్దాన్య ఆసుపత్రి తలుపులు తెరిచారు. రెండు దేశాలు కలిసి కట్టి, కలిసి నడిపే ఇటువంటి ఆసుపత్రి ఐరోపాలో అదే మొదటిది. అక్కడ కాటలన్, స్పానిష్, ఫ్రెంచి మూడు భాషలూ వాడుకలో ఉన్నాయి.

పుట్టుకకూ చావుకూ కాగితాలు

రిబ్బను కత్తిరించిన రోజుతో కష్టాలు తీరలేదు. అసలు పని అప్పుడే మొదలైంది.

ఫ్రాన్సు గ్రామానికి చెందిన తల్లి ఈ ఆసుపత్రిలో ప్రసవించిందనుకోండి. బిడ్డ పుట్టిన చోటు స్పెయిన్. కనుక పుట్టుక నమోదు స్పెయిన్ చట్టం ప్రకారం పూచ్‌సెర్దాలో జరగాలి. ఆ మీదట ఫ్రాన్సు రికార్డుల్లోకి ఎక్కించడానికి బార్సిలోనాలోని ఫ్రెంచి కాన్సులేటును ఆశ్రయించవలసి వచ్చేది. ఇల్లు కనుచూపు మేరలోనే ఉన్నా, బిడ్డ మాత్రం విదేశంలో పుట్టినట్టే లెక్క!

మరణం సంగతి ఇంకా బాధాకరమైనది. మృతదేహాన్ని ఒక దేశం నుండి మరో దేశానికి తీసుకువెళ్లడానికి అంతర్జాతీయ నియమాలున్నాయి. ప్రత్యేకమైన అనుమతి పత్రం కావాలి. లోపల లోహపు రేకు వేసి మూసిన శవపేటిక కావాలి. దూరదేశాలకు విమానంలో పంపేటప్పుడు ఆ నియమాలు సబబే. కాని మూడు నాలుగు కిలోమీటర్ల దూరాన ఉన్న ఇంటికి తాతగారి దేహాన్ని చేర్చడానికి కూడా అవే నియమాలంటే ఆ కుటుంబం ఎంత నలిగిపోయి ఉంటుందో ఆలోచించండి. దుఃఖం ఒకవైపు, ఖర్చు ఒకవైపు, కాగితాలు మరోవైపు. ఈ బాధను సరిహద్దువారు పైవారికి చెప్పుకున్నారు. 2017 ఫిబ్రవరిలో మాలగా నగరంలో రెండు ప్రభుత్వాలు, రోడ్డు మార్గాన మృతదేహాలను తీసుకువెళ్లడాన్ని సులభం చేయడానికి ప్రత్యేకంగా ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

ఇవిగాక మరెన్నో ఉన్నాయి. ఒక దేశంలో చదివిన వైద్యుడు మరో దేశంలో సూది వేయాలంటే అక్కడ కూడా గుర్తింపు కావాలి. రెండు దేశాల పనిగంటలు, సెలవులు, జీతాలు వేరు. ఫ్రాన్సు వైపు అంబులెన్సును పంపే అధికారి పెర్పిన్యాలో కూర్చుంటాడు, కాటలోనియా వైపు పంపేవారు వేరు. రోగి ఇంటికి వెళ్లిన తరువాత అతని ఊరి వైద్యుడు చదవగలిగిన భాషలో నివేదిక ఉండాలి. బీమా డబ్బు ఎవరు ఎవరికి, ఎప్పుడు చెల్లించాలో తేలాలి. ఇవేవీ పత్రికలలో పెద్ద అక్షరాలతో పడే వార్తలు కావు. అయితే ఇటువంటి చిన్న చిక్కు ఒకటి తీరకపోతే, ఎంత పెద్ద భవనమైనా ఆ ఒక్క రోగికి పనికిరాదు.

గట్టు మళ్లీ మూసినప్పుడు

1995లో ఆ సరిహద్దున మామూలు తనిఖీలు ఎత్తివేశారు. బండి ఆపకుండానే అటునుండి ఇటు వెళ్లిపోయేవారు. గీత ఉన్నదన్న సంగతే కొత్తతరం మరిచిపోయింది. అంతలో 2020 మార్చిలో కరోనా వచ్చింది. స్పెయిన్ తన భూసరిహద్దులను మూసి తనిఖీలు పెట్టింది. ఒక్కరాత్రిలో పాత గట్టు మళ్లీ లేచి నిలబడింది.

ఐరోపా అంతటా సరిహద్దు జనం అప్పుడు ఒక పాఠం నేర్చుకున్నారు. స్నేహం ఉన్నచోట కూడా, భయం పుట్టగానే ప్రతి దేశమూ మొదట చేసే పని తన తలుపు మూసుకోవడమే. అయితే గట్టు దాటి రోజూ పనికి వెళ్లే ఉద్యోగులకు దారి ఇవ్వాలని నియమాలలోనే మినహాయింపు వ్రాశారు. ఎందుకు వ్రాయవలసి వచ్చింది? ఇరువైపుల బ్రతుకులు అప్పటికే అంతగా పెనవేసుకొని ఉన్నాయి గనుక. ఒక నర్సు ఇల్లు ఒక దేశంలో, ఆమె వార్డు మరో దేశంలో ఉన్నప్పుడు, తలుపు పూర్తిగా మూయడం ఎవరి తరమూ కాదు. ఉమ్మడి పని అనేది మంచిరోజుల్లో సౌకర్యం, చెడ్డరోజుల్లో కాపుదల.

మనకు దీనిలో ఏమున్నది?

సెర్దాన్య వారు మనకంటే మంచివారు కారు. వారి తాతముత్తాతలు కూడా పచ్చిక కోసం, నీటి కోసం తలలు పగులగొట్టుకున్నవారే. అయితే వారు కొన్ని సంగతులు నేర్చుకున్నారు.

వారు మొదట తమ హక్కులను గూర్చి కాక, తమ అవసరాన్ని గూర్చి మాట్లాడుకున్నారు. హక్కులతో మొదలుపెట్టి ఉంటే 1659 నాటి సంధి దగ్గరే ఆగిపోయేవారు. అవసరంతో మొదలుపెట్టారు గనుక ఆసుపత్రి దాకా వచ్చారు. రెండవది, ఎవరి వాటా ఎంతో ముందే తేల్చి, వ్రాసి పెట్టుకున్నారు. ప్రేమ ఉన్నచోట లెక్కలెందుకు అని మనం అంటుంటాము. లెక్క లేకనే ఎన్నో ప్రేమలు చెడిపోయాయి. మూడవది, పుట్టిన బిడ్డ కాగితాన్నీ, పోయినవారి పేటికనూ చిన్న విషయమని తోసివేయలేదు. ఓపికగా తలుపులు తట్టారు.

మన ఇళ్లలోనూ గట్లున్నాయి. అన్న ఇంటికి, తమ్ముడి ఇంటికి మధ్య గోడ ఉండవచ్చు. రెండు వీధుల మధ్య, రెండు సంఘాల మధ్య పాత మాటపట్టింపు ఉండవచ్చు. ఆ గోడ పడగొడితే తప్ప కలిసి ఏమీ చేయలేమని మనం అనుకుంటాము. అది పడదు, మనం కలవము. ఏళ్లు గడిచిపోతాయి. గోడ సంగతి గోడదే గాని, మన ఇద్దరికీ కావలసినది ఏమిటి అని ఎవరో ఒకరు ముందుగా అడగాలి. ముసలి తల్లి మందుల ఖర్చు కావచ్చు, పిల్లల బడి ఆటో కావచ్చు, వీధి చివర మురుగు కాలువ కావచ్చు. ఏదో ఒక్క పనిని కలిసి ఎత్తుకొని, వాటాలు తేల్చుకొని, చివరిదాకా నడిపితే చాలు.

హద్దురాయి దాని చోటనే ఉంటుంది. ఫ్రాన్సు గ్రామంలో రాత్రివేళ నొప్పులు మొదలైన తల్లిని ఎక్కించుకొని బండి ఆ రాయి పక్కనుండే వెళ్లిపోతుంది. కొద్ది నిమిషాలలో ఆసుపత్రి దీపాలు కనబడతాయి. ఆమె సరిహద్దు దాటినట్టు కూడా గమనించదు.